దారిప్రక్క ప్రమాదము: సాయపుబండి యెక్కడ నిలువవలెను?



నేడు నేను ముచ్చటింపబూనిన విషయము వినుటకు మిక్కిలి స్వల్పముగా తోచును. రోడ్డుమీద ప్రమాదము జరిగినప్పుడు సాయమునకు వచ్చిన బండి యెక్కడ నిలువవలెననునదియే ఆ విషయము. "బండి నిలుపుటకు గూడ నొక ఉపన్యాసమా?" యని మీలో కొందరు నవ్వుకొనవచ్చును. నేనును ఒకప్పు డట్లే నవ్వినవాడను. 30 సంవత్సరములు ఫైరింజను నడపి, ఉభయగోదావరి మండలములలోని దారులన్నియు తిరిగి, ఇప్పుడు విశ్రాంతిగా నున్నవాడను. ఇల్లు తగులబడినచోట బండి యెట్లు నిలుపవలెనో, నీటిగొట్టము లెట్లు పరువవలెనో నాకు చక్కగా తెలిసియుండెను. రోడ్డుమీద నిలుపుటలో తెలియవలసిన దేమున్నదని యనుకొంటిని. ఆ యజ్ఞానము ఒక మనుష్యుని ప్రాణము తీసినది. ఆ సంగతి మొదట చెప్పి, పిదప అసలు విషయమునకు వచ్చెదను.

అది పుష్యమాసము. కోతలు ముగిసి ధాన్యము మిల్లులకు తరలుచున్న దినములు. తెల్లవారుటకు ఇంకను రెండు గడియలున్న దనగా మాకు కబురు వచ్చెను. జాతీయ రహదారిమీద బస్తాలతో పోవుచున్న ట్రాక్టరును వెనుకనుండి యొక లారీ గ్రుద్దినది. ట్రాక్టరు తొట్టికి వెనుక దీపము లేదు. తొట్టి బోర్లపడి, బస్తాల క్రింద ఇద్దరు కూలీలు చిక్కుకొనిరి. మేము పోవునప్పటికే ప్రక్క ఊరివారు ఇరువదిమంది వచ్చి బస్తాలు లాగుచుండిరి. మంచు దట్టముగా పట్టియుండెను. రాకపోకలకు అడ్డుగా నుండరాదను తలంపుతో నేను బోర్లపడిన తొట్టిని దాటి, ముందునకు పోయి, ఎడమ అంచున బండిని పొందికగా నిలిపితిని. పైని ఎర్రదీపము తిరుగుచునే యుండెను. అంతయు సరిగానే యున్నదని నాకు తోచెను.

తొట్టికి వెనుకవైపున, అనగా బండ్లు వచ్చు దిక్కున, ఒక యువకుడు తువ్వాలు ఊపుచు నిలిచియుండెను. ఇంతలో నొక లారీ వచ్చినది. ఆ డ్రైవరునకు మంచులో మొట్టమొదట కానవచ్చినది దూరమున నున్న మా ఎర్రదీపము. ఆపద యేదియో అక్కడ నున్నదనియు, అక్కడికి చేరులోపల వేగము తగ్గించుకొనవచ్చు ననియు ఆతడు తలంచెను. తనకును ఆ దీపమునకును నడుమ మనుష్యులున్నారని ఆతడెరుగడు. బస్తాల క్రింది కూలీ లిద్దరును బ్రదికిరి. తువ్వాలు ఊపిన యువకుడు బ్రదుకలేదు.

మరునాడు ఆతని తండ్రిని చూడబోయితిని. ఆయన వృద్ధుడు, రెండెకరముల రైతు. నన్ను తిట్టునని యెదురుచూచితిని. తిట్టియుండిన నాకు కొంత తేలికగా నుండెడిది. ఆయన చాలసేపు నేలచూపులు చూచి, "ఆ పెద్దబండి ఇవతల పెట్టుంటే మావాడు దాని చాటున ఉండేవాడు కదా, బాబూ!" అని మాత్రమే యనెను. బండి నిలుపు శాస్త్రములో నేను నేర్చిన మొదటి పాఠము అదియే. తరువాత నేను చదివిన పుస్తకములును, విన్న బోధనలును ఆ వృద్ధుని మాటకు వ్యాఖ్యానములు మాత్రమే.

ఇప్పుడు ఆ మాటలోని యుక్తిని విచారింతము. గంటకు 80 కిలోమీటర్ల వేగముతో వచ్చు బండి ఒక సెకనునకు 22 మీటర్లు నడచును. డ్రైవరు కన్ను అపాయమును చూచి, మనస్సు గ్రహించి, కాలు బ్రేకుమీద పడుటకు సుమారు సెకనున్నర పట్టును. ఆలోపల బండి 33 మీటర్లు వచ్చును. ఆపైని బరువులారీ ఆగుటకు పొడిరోడ్డుమీద మరి 50 మీటర్లు, తడిరోడ్డుమీద మరి 70 మీటర్లు కావలసియుండును. అనగా వానకాలమున డ్రైవరు అపాయమును చూచిన చోటునకును బండి ఆగిన చోటునకును నడుమ 100 మీటర్లకు మించిన దూరముండును. మంచులో 30 గజములకు మించి కానరానియెడల, డ్రైవరు కాలు బ్రేకుమీద పడకమునుపే బండి వచ్చి తగులును. అట్టి సమయమున తువ్వాలు ఊపినను, కేకలు వేసినను ఫలము లేదు. ఆ డ్రైవరు దుర్మార్గుడు కానక్కరలేదు, త్రాగియుండనక్కరలేదు. లెక్కయే ఆతనికి ప్రతికూలముగా నున్నది.

కావున సాయమునకు వచ్చినవారు చేయవలసిన పనులు రెండు. మొదటిది, వచ్చు డ్రైవరునకు చాల ముందుగా తెలియజేయుట. రెండవది, ఆతడు తెలిసికొనకయే వచ్చినచో ఆ దెబ్బను మనుష్యులు గాక ఇనుము భరించునట్లు చూచుట. బండి నిలుపు పద్ధతి యంతయు ఈ రెండు మాటలలోనే యున్నది.

ముందుగా రెండవదానిని చెప్పెదను. ఫైరింజనులో సాధారణముగా 4,500 లీటర్ల నీరుండును. నీటి బరువే నాలుగున్నర టన్నులు. అట్టి బండి ప్రమాదస్థలమునకు ఇవతల, అనగా బండ్లు వచ్చు వైపున, గోడవలె నిలువవలెను. నావలె దానిని దాటించి ముందు నిలుపరాదు. అట్లని ప్రమాదస్థలమునకు ఆనించియు నిలుపరాదు. నడుమ 20, 30 గజముల ఎడముండవలెను. ఏలననగా, వెనుకనుండి దెబ్బ తగిలినచో ఎంత పెద్దబండియైనను కొంత ముందునకు జరుగును. ఆ జరుగుటకు చోటు లేనియెడల మన గోడయే మన వారిమీద పడును.

బండిని రోడ్డునకు సూటిగా గాక కొంచెము ఏటవాలుగా నిలుపవలెను. సూటిగా నిలిచిన బండి వెనుకభాగమును దూరమునుండి చూచు డ్రైవరునకు అది నిలిచియున్నదో, నడచుచున్నదో తెలియదు. తనవలెనే ముందునకు పోవుచున్నదని భ్రమపడును. అడ్డముగా, ఏటవాలుగా నున్న బండిని చూచినప్పుడు ఆ భ్రమ కలుగదు. మరియు ముందు చక్రములను పనిచేయువారున్న దిక్కునుండి మరలించి త్రిప్పియుంచవలెను. దెబ్బ తగిలినను బండి ప్రక్కకు పోవునే గాని వారిమీదికి రాదు. సిబ్బంది బండ్లు పోవు వైపున దిగరాదు, చాటువైపుననే దిగవలెను. దిగినపిదప దానిలో నెవ్వరును కూర్చుండరాదు, దాని ముందు నెవ్వరును నిలువరాదు.

అంబులెన్సు సంగతి ఇందుకు భిన్నము. అది గోడ కాదు. గాయపడినవానిని ఎక్కించుకొనిపోవు ఇల్లు వంటిది. దాని తలుపు వెనుక నున్నది. అది బండ్లు వచ్చు వైపున నిలిచినచో, రోగిని ఎక్కించువారు వీపులు రోడ్డునకు ఒప్పగించి నిలువవలసి వచ్చును. కావున ప్రమాదస్థలమును దాటి, ఆవలివైపున, పెద్దబండి చాటున అంబులెన్సు నిలువవలెను. అప్పుడు దాని వెనుకతలుపు గాయపడినవారి వైపునకే యుండును. రోగిని ఎక్కించినంతనే వెనుకకు మరలనక్కరలేక సూటిగా పోవచ్చును. గుంపులో అంబులెన్సును వెనుకకు నడపుట మహాపాయకరము.

"మా ఊరికి ఫైరింజను వచ్చుటకు ముందే 108 బండి వచ్చును. అప్పుడు గోడ యేది?" యని మీరడుగవచ్చును. మంచి ప్రశ్న. 2005 ఆగస్టు 15న మన రాష్ట్రమున మొదలైన 108 సేవ పెక్కుచోట్ల మొదట చేరు సాయము. పెద్దబండి వచ్చువరకు మొదట వచ్చిన బండియే దీపములు వెలిగించుకొని ఇవతల అడ్డుగా నిలిచి, పెద్దబండి రాగానే ఆవలికి జరుగుట ఒక పద్ధతి. అక్కడనే ఆగియున్న లారీ డ్రైవరు సమ్మతించినయెడల, మనుష్యులెల్లరు దిగిన పిదప, ఆ లారీని దీపములతో అడ్డుగా నుంచుటయు కలదు. జాతీయ రహదారిమీద నైనచో 1033 అను నంబరునకు ఫోను చేసినయెడల రహదారి గస్తీబండి వచ్చును. ఏమైనను, గోడ లేనంతవరకు రోడ్డుమధ్య నుండువారి సంఖ్య ఎంత తక్కువైన నంత మేలు. నలుగురు చేయగల పనికి నలుబదిమంది రోడ్డుమీద నుండరాదు.

ఇక మొదటిది, ముందుగా తెలియజేయుట. హెచ్చరించు మనిషి ప్రమాదస్థలము దగ్గర గాక, అక్కడికి 100 మీటర్లకు తక్కువ గాకుండ, వీలైన 150, 200 మీటర్ల దూరమున నుండవలెను. ఆతడు రోడ్డు నడుమ నిలువరాదు, అంచుననే నిలువవలెను. బండ్లు వచ్చు వైపునకు ముఖముంచి, వీపు వెనుక తప్పించుకొనుటకు చోటు చూచుకొని నిలువవలెను. పగలు ఎర్రగుడ్డ, రాత్రి టార్చిలైటు వాడవలెను. దీపమును డ్రైవరు కన్నులలోనికి కొట్టరాదు. నేలవైపునకు వంచి ప్రక్కలకు ఊపవలెను. రాత్రివేళ నల్లని చొక్కా, ఖాకీచొక్కా కానరావు. మన తెల్లపంచె, తెల్లకండువా వానికంటె మేలు. వెలుగు పడగనే మెరయు పట్టీల కోటు అన్నిటికంటె మేలు.

మన ప్రాంతమున మరియొక చిక్కు కలదు. కాలువలమీది వంతెనలు అనేకచోట్ల ఎత్తుగా నుండును. వంతెన ఆవల దిగుడులో ప్రమాదము జరిగినచో ఇవతలివానికి వంతెన శిఖరము చేరువరకు ఏమియు కానరాదు. అట్టిచోట గజములు లెక్కించి లాభము లేదు; హెచ్చరించు మనిషి వంతెనకు ఇవతలివైపుననే యుండవలెను. మలుపు విషయమును అంతియే. నాలుగు వరుసల రహదారిమీద ఒక దిక్కున మనిషి చాలును. నడుమ విభజనలేని రోడ్డుమీద రెండు దిక్కులను మనుష్యులుండవలెను. ఈ రెండవ దిక్కును మరచుట మన పల్లెలలో తరచుగా జరుగు పొరపాటు.

లారీ చెడిపోయినచోట కొమ్మలు నరికి రోడ్డుమీద వేయుట మనవారి పాత అలవాటు. కొమ్మ మంచిదే, దానిమీద బండి ఎక్కినను ప్రాణాపాయము లేదు. కాని రాళ్లు పెట్టుట మంచిది కాదు. లారీ బాగుపడి పోయిన పిదప ఆ రాళ్లు అక్కడనే యుండిపోవును. నడిరాత్రి మోటారుసైకిలుమీద వచ్చువానికి ఆ రాయి యముడగును. పోవుటకు ముందు కొమ్మలనైనను తీసివేయవలెను.

దీపములను గూర్చి ఒక్క మాట. ఎంత వెలుగున్న నంత మంచిదని తలంతుము. అది నిజము కాదు. సాయమునకు వచ్చిన ట్రాక్టర్లు, మోటారుసైకిళ్లు తమ ముందుదీపములను వచ్చు బండ్లవైపునకు వెలిగించినయెడల ఆ డ్రైవరుల కన్నులు చీకట్లు క్రమ్మి, వెలుగు ప్రక్కననే నిలిచిన మనిషి కానరాడు. పైన తిరుగు దీపము, వెనుక మిణుకుదీపములు ఉంచి, ఎదుటివానికి తగులు ముందుదీపములు ఆర్పవలెను.

ఇంతవరకు చెప్పినది ఏ దేశమునకైనను వర్తించును. ఇక మన డెల్టాకు ప్రత్యేకమైనవి కొన్ని కలవు. 1847లో మొదలిడి 1852లో కాటన్ దొర ముగించిన ధవళేశ్వరపు ఆనకట్టవలన మనకు కాలువలు వచ్చినవి. కాలువలవలన గట్లు, గట్లమీద రోడ్లు వచ్చినవి. ఒకప్రక్క నిండుకాలువ, ఒకప్రక్క చేను, నడుమ ఇరుకుబాట. ఇట్టి గట్టుమీద అంచు నమ్మరానిది. పైకి గడ్డి పట్టి గట్టిగా కానవచ్చును. లోపల నల్లమట్టి వానకు నాని మెత్తబడియుండును. నిండునీటి ఫైరింజను చక్రము ఆ అంచున మోపినచో గట్టు జారి, రక్షింపవచ్చిన బండియే కాలువపాలగును. కాలువలో పడిన కారును పైకి తీయు క్రేనునకు ఈ భయము మరింత హెచ్చు. అందుచేత గట్టురోడ్డుమీద బండి ఎప్పుడును తారుమీదనే నిలువవలెను. దారి మూసుకొనిపోవునుగదా యన్నచో, పోనిండు. గట్టుమీద ఒకబండి ప్రక్కగా మరియొక బండిని దూర్చు ప్రయత్నము చేయరాదు. రెండు దిక్కులను, లాకులకడనో, వంతెనకడనో, చోటు విశాలముగా నున్నచోటనే రాకపోకలు పూర్తిగా నిలిపివేయవలెను. అరగంట ఆలస్యమునకు ఎవ్వరును చావరు.

ఫోను చేయునప్పుడు మనవారు ఊరిపేరు చెప్పుదురు. కాని ఏ గట్టో చెప్పరు. కాలువకు రెండు గట్లు. అంబులెన్సు ఎదుటి గట్టుమీద వచ్చినయెడల, రోగి ఎదుట కానవచ్చుచునే యుండును, చేరుటకు మాత్రము దగ్గరి వంతెనవరకు పోయి మరలి రావలెను. కావున 108కి గాని, 112కి గాని ఫోను చేసినప్పుడు ఈ నాలుగును చెప్పవలెను: ఏ ఊరికిని ఏ ఊరికిని నడుమ; ఏ కాలువకు ఏ గట్టు; రాజమహేంద్రవరమువైపు పోవు దారియా, ఏలూరువైపు పోవు దారియా; దగ్గరనున్న కిలోమీటరురాయిమీది అంకె యేమి. చెప్పినవెనుక ఒక మనిషిని కూడలికడకు పంపి, వచ్చు బండికి దారి చూపింపవలెను. ఈ పని చేసిన కుర్రవాడు బస్తాలు లాగిన పదిమందికంటె ఎక్కువ మేలు చేసినవాడగును.

వంతెనల విషయమున మన జిల్లా మరువరాని దినము 2015 జూన్ 13. తీర్థయాత్రనుండి మరలివచ్చుచున్న యొక వాహనము ధవళేశ్వరము బ్యారేజీమీదినుండి క్రిందబడి 22 మంది మరణించిరి. అట్టి దుర్ఘటనలలో గాయపడినవారు క్రింద నుందురు, బండ్లు పైన నుండును, జనులు పిట్టగోడకడ వరుసగా నిలిచి తొంగిచూతురు. ఒక బండి తాకిడికి విరిగిన గోడ మరియొక తాకిడికి నిలువదు. ఆనుకొన్న మనుష్యుల బరువునకు గూడ నిలువకపోవచ్చును. విరిగిన గోడవైపున ఏ బండిని నిలుపరాదు, ఎవ్వరిని నిలువనీయరాదు. వంతెన రెండు చివరలను రాకపోకలు ఆపి, క్రిందికి పోవు దారి యెక్కడ నున్నదో తెలిసిన స్థానికుడొకడు సిబ్బందితో నుండవలెను.

మన కోనసీమలో చమురు, వాయువులున్నవి. 1995 జనవరి 8న పాసర్లపూడికడ నూతినుండి ఎగసిన మంట ఆరుటకు 65 దినములు పట్టినది. 2014 జూన్ 27 వేకువను నగరము గ్రామములో వాయువుగొట్టము పగిలి, మంట లేచి, 20 మందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. ఇవి రోడ్డుప్రమాదములు కావు. కాని అదే వాయువు, అదే చమురు మన రోడ్లమీద ట్యాంకరులలో పోవుచుండును. కావున ట్యాంకరు బోర్లపడినచో పైన చెప్పిన నియమముల కంటె ముందు మరియొక నియమము కలదు: గాలి ఏ దిక్కునుండి వచ్చుచున్నదో ఆ దిక్కుననే నిలువవలెను, ఎత్తుననే నిలువవలెను. కొబ్బరాకు ఊగుటను చూచిన గాలి దిక్కు తెలియును. పెట్రోలు పల్లమునకు ప్రవహించును. వంటగ్యాసు గాలికంటె బరువైనది. కానరాకయే బోదెలలో, పల్లములలో నిండును. అట్టిచోట బండి ఇంజను ఆడించుట, బీడీ వెలిగించుట, దగ్గర నిలిచి ఫోను చేయుట నిప్పుతో చెలగాటమే. అచ్చట సాయమనగా దగ్గరకు పోవుట కాదు, దూరమునకు తొలగించుట. ప్రక్క ఇండ్లవారిచే పొయ్యిలు ఆర్పించి, గాలికి ఎదురుగా నడిపింపవలెను. తెగిపడిన కరెంటుతీగ విషయమున గూడ నిట్లే. కరెంటు నిలిపివేసిరని రూఢిగా తెలియువరకు బండిగాని మనిషిగాని దానిని సమీపింపరాదు.

ఇక గుంపు. ప్రమాదమును చూచుటకు వచ్చినవారిని దయలేనివారని నేననను. దయచేతనే వచ్చెదరు. కాని దయకు క్రమము లేనియెడల అదియే అపాయమగును. ఇచ్చట పోలీసులు వచ్చువరకు ఊరిపెద్దమాటకు మించిన శాసనము లేదు. మీరు వచ్చినవారిని మూడు పాళ్లు చేయుడు. పనిచేయగలవారిని నలుగురైదుగురిని లోపల నుంచుడు. ఇద్దరేసి చొప్పున రెండు దిక్కులకు హెచ్చరించుటకు పంపుడు. మిగిలినవారిని రోడ్డు దింపి చేనివైపున నిలుపుడు; రెండు బండ్ల నడుమ మాత్రము ఎవ్వరిని నిలువనీయకుడు. ఒక బండికి దెబ్బ తగిలినచో నడుమనున్నవారు నలిగిపోవుదురు.

పరదేశములవారు ఈ సంగతిని శాసనములుగా వ్రాసికొనిరి. అమెరికాలో దక్షిణ కరోలినా రాష్ట్రము 1996లో, దారిప్రక్క నిలిచిన రక్షకవాహనమును చూచినవారు వేగము తగ్గించి ప్రక్కవరుసకు తొలగవలెనని శాసించెను. 2012 నాటికి ఆ దేశమందలి 50 రాష్ట్రములును అట్టి చట్టములు చేసికొనినవి. ఆస్ట్రియాదేశమున 2012 జనవరినుండి, పెద్దరహదారిమీద బండ్లు ఆగిపోయినంతనే, అంబులెన్సు వచ్చినను రాకున్నను, నడుమ నొక త్రోవ విడిచి రెండు ప్రక్కలకు ఒదుగవలెనను విధి కలదు. మన దేశమున 2019లో సవరించిన మోటారువాహనముల చట్టము ప్రకారము అంబులెన్సునకు, ఫైరింజనునకు దారి ఈయనివానికి ఆరునెలలవరకు ఖైదుగాని, 10,000 రూపాయల జుల్మానాగాని, రెండునుగాని విధింపవచ్చును.

"సాయము చేసినవారిని పోలీసులు, కోర్టులు త్రిప్పుదురు" అను భయము మన పల్లెలలో నేటికిని పోలేదు. ఆ భయమునకు ఇప్పుడు కారణము లేదు. సాయము చేసినవారిని వేధింపరాదను మార్గదర్శక నియమములకు 2016 మార్చి 30న సుప్రీముకోర్టు శాసనబలము నొసగినది. 2019 నాటి సవరణలో 134ఏ అను విభాగము చేరినది. దానినిబట్టి మంచితలంపుతో సాయము చేసినవానిమీద దావా లేదు, నేరము లేదు. తన పేరు చెప్పుమని ఆతనిని నిర్బంధింపరాదు. గాయపడినవారి చికిత్సకై 2025 మే 5న కేంద్రప్రభుత్వము ప్రకటించిన పథకముక్రింద, గుర్తింపబడిన ఆసుపత్రులలో ఏడుదినములవరకు, లక్షాయాబదివేల రూపాయల మేరకు రొక్కము చెల్లింపనక్కరలేని వైద్యము లభింపవలసియున్నది. ఈ మాటలు చావడికడ, రచ్చబండకడ పదిమందికి చెప్పుట మీ వంటివారి ధర్మము.

చివరగా నొక మనవి. రోడ్డు ప్రక్కనున్న ప్రతి గ్రామమును పంచాయతీ కచ్చేరిలో ఒక పెట్టె నుంచుకొనవలెను. అందులో మంచి టార్చిలైట్లు రెండు, ఎర్రగుడ్డలు రెండు, మెరయు పట్టీల కోట్లు నాలుగు, ఈలలు రెండు, ఒక మోకు, వీలైన రోడ్డుమీద నిలుపు ఎర్రటోపీలు ఆరు ఉండవలెను. తాళపుచెవి ఎవరియొద్ద నున్నదో ఊరందరికి తెలియవలెను. నాలుగైదుగురు యువకులను నియమించి, ఎవరు ఏ దిక్కునకు పోవలెనో ముందే చెప్పియుంచవలెను. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో పేలుడు జరిగి, మంటలార్పబోయిన సిబ్బంది అనేకులు మరణించిరి. వారి జ్ఞాపకార్థము ప్రతి సంవత్సరము ఏప్రిల్ 14 మొదలు 20 వరకు అగ్నిమాపక వారోత్సవములు జరుగును. ఆ దినములలో మీ దగ్గరి ఫైరుస్టేషనువారిని పిలిచి, మంటలార్పుటయే గాక, రోడ్డుమీద బండి నిలుపు విధమును గూడ చూపింపుడని యడుగుడు. మీ ఊరి వంతెనకడనే, మీ గట్టుమీదనే చూపింపుమనుడు. వచ్చెదరు; అడిగినవారు లేకనే గాని చెప్పువారు లేక కాదు.

ట్రాక్టరు తొట్టికి వెనుక ఎర్రదీపమో, మెరయు బిళ్లయో లేకుండ చీకటివేళ రోడ్డెక్కరాదని మీ ఊరిలో కట్టడి చేయుడు. ధాన్యమును రహదారిమీద ఆరబోయుటయు, ఆ రాశులచుట్టు రాళ్లు పేర్చుటయు మాన్పింపుడు. వీనివలన ప్రమాదము జరుగకయే పోవును. అప్పుడు నేను చెప్పినదానితో పనియే యుండదు.

ఆ రాత్రి తరువాత నేను ఉద్యోగమున నున్నన్నాళ్లును, ప్రమాదస్థలమున బండి నిలిపి దిగినప్పుడెల్ల ఒక్కసారి వెనుకకు తిరిగి చూచుచుంటిని. పనిచేయువారికిని వచ్చు బండ్లకును నడుమ నా బండి యున్నదా లేదా యని చూచుచుంటిని. ఉన్నచో గొట్టము చేతబట్టెడివాడను; లేనిచో మరల ఎక్కి సరిచేసెడివాడను. దానికి అరనిమిషము పట్టెడిది. ఆ అరనిమిషమును నాకు నేర్పినవారు నా పై యధికారులు కారు. కొడుకును పోగొట్టుకొని, ఒక్క దుర్భాషయైన నాడక, ఉన్నమాట చెప్పిన ఆ రైతు. ఆయన మాటను నేడు మీకు అప్పగించుచున్నాను.

సెలవు.